జాగ్రత్త: కుక్కకో పిల్లికో ఇన్సులిన్ కొంటున్నారా? సీసా మీద అంకె, సిరంజి మీద అంకె కలుస్తున్నాయో లేదో చూడండి

షుగర్ ఉన్న కుక్కకో పిల్లికో ఇన్సులిన్ తెప్పించేవాళ్లు ఇది పూర్తిగా చదవండి. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు పంపిన పార్సెల్ గురించి ఈ హెచ్చరిక. ఆర్డర్‌లో రాసింది 40 ఐయూ సీసా, దానికి సరిపడే సిరంజిలు. సీసా సరిగ్గానే వచ్చింది. సిరంజిలు మాత్రం నారింజ రంగు మూతలవి, అంటే యు-100వి. అడిగితే "ఇన్సులిన్ సిరంజి ఏదైనా ఒకటేనండీ, మనుషులకూ ఇవే ఇస్తున్నాం" అని జవాబు. ఆ మాట నమ్మితే జంతువు ప్రాణం మీదికి వస్తుంది. ఎందుకో లెక్కతో సహా చెబుతాం.

40 ఐయూ సీసాలో ఒక ఎంఎల్‌కి 40 యూనిట్లు ఉంటాయి, 100 ఐయూ మందులో 100 ఉంటాయి. ఎర్ర మూత సిరంజి 40 సీసా కోసం చేసింది. అందులో ఒక యూనిట్ అంటే 0.025 ఎంఎల్. నారింజ మూతది 100 కోసం చేసింది, అందులో యూనిట్ 0.01 ఎంఎల్ మాత్రమే. డాక్టరు 10 యూనిట్లు రాశారనుకోండి. 40 సీసాలోంచి నారింజ మూత సిరంజితో 10 గీత దాకా లాగితే వచ్చేది 0.1 ఎంఎల్, అంటే 4 యూనిట్లు. కుక్క బిందెడు నీళ్లు తాగడం మానదు, తింటూనే చిక్కిపోతుంటుంది. మందు చాలడం లేదని డాక్టరు డోసు పెంచుతారు. అలా పెరిగి పెరిగి 20 గీతకు చేరుతుంది, లోపల పడేది మాత్రం 8 యూనిట్లే. ఆ తర్వాత ఒక రోజు వేరే షాపులో సరైన ఎర్ర మూత సిరంజి దొరుకుతుంది. అలవాటుగా 20 గీత దాకా లాగుతారు. ఈసారి పడేవి నిజంగా 20 యూనిట్లు. అసలు ప్రమాదం ఇక్కడుంది. తప్పు సిరంజి ఇచ్చిన రోజు ఏమీ జరగదు, వారాల తర్వాత సరైన సిరంజి వాడిన పూట కుక్క పడిపోతుంది. అందుకే ఇప్పటిదాకా తప్పు సిరంజి వాడారని తెలిస్తే, వెంటనే సిరంజి మార్చేయకండి. ముందు డాక్టరుకు చెప్పి డోసు మళ్లీ రాయించుకోండి.

దీనికి తిరగేసిన తప్పు ఇంకా ఘోరం. పెన్నులో వేసే 3 ఎంఎల్ కార్ట్రిడ్జిలు 100 ఐయూవి. వాటిలోంచి ఎర్ర మూత సిరంజితో 10 గీత దాకా లాగితే 0.25 ఎంఎల్ వస్తుంది, అంటే 25 యూనిట్లు. చిన్న పొమేరియన్ దాన్ని తట్టుకోలేదు. అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇంకో రకం చిక్కు. అక్కడ మనుషుల ఇన్సులిన్ 100ది కాబట్టి ఫార్మసీలో చేతికిచ్చేవి మామూలుగా యు-100 సిరంజిలే. జంతువులకు రాసే వెట్సులిన్, ప్రోజింక్ మాత్రం 40వి. యు-40 సిరంజి అని విడిగా అడిగి తీసుకోండి.

సీసా మార్చి ఇచ్చేవాళ్లూ ఉన్నారు. కుక్కలకు మన దగ్గర ఎక్కువగా రాసేది మనుషుల ఐసోఫేన్ ఇన్సులిన్, దాన్నే ఎన్‌పీహెచ్ అని కూడా అంటారు. పెట్టె మీద పేరు పక్కన 'ఎన్' అనే అక్షరం ఉంటుంది. అది స్టాకు లేకపోతే "అదే కంపెనీ, అదే 40" అంటూ 30/70 చేతిలో పెడతారు. 30/70లో మూడో వంతుకు కాస్త తక్కువ త్వరగా పనిచేసే రెగ్యులర్ ఇన్సులిన్. రెండూ పాలలాగే తెల్లగా ఉంటాయి కాబట్టి కళ్లతో చూసి తేడా పట్టలేరు, అక్షరం చదవాల్సిందే. 'ఆర్' అని ఉన్నది నీళ్లలా తేటగా ఉంటుంది, అది ఆస్పత్రిలో ఎమర్జెన్సీకి వాడేది. డాక్టరు రాసిన అక్షరం కాకుండా వేరేది ఇస్తే తీసుకోకండి, అంతే.

ఇక చల్లదనం. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మే నెలలో విజయవాడలో, ఖమ్మంలో బైకు వెనక పెట్టెలో నాలుగు గంటలు తిరిగిన సీసా పైకి కొత్తదానిలాగే కనిపిస్తుంది, కానీ పనిచేస్తుందన్న నమ్మకం లేదు. కొందరు అతి జాగ్రత్తతో గడ్డకట్టిన ఐస్ ప్యాక్‌కి సీసాను నేరుగా ఆనించి టేపు చుడతారు. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. పార్సెల్ తీసుకొచ్చినతను అక్కడ ఉండగానే వీడియో తీస్తూ తెరవండి. ప్యాక్ వెచ్చబడిపోయినా, సీసా మంచులో కూరుకుపోయి ఉన్నా వెనక్కి పంపండి. ఎన్‌పీహెచ్ సీసాను అరచేతుల మధ్య నెమ్మదిగా దొర్లిస్తే అంతా ఒకే తెలుపు రావాలి. రేణువులు తేలినా, గాజు లోపలి గోడకు పొగమంచులా తెల్లగా అంటుకున్నా అది చెడిపోయినట్టే. గ్లార్జిన్ అనే ఇంకో రకం ఇన్సులిన్ అయితే తేటగా ఉండాలి, మసకబారితే పారేయండి. తెరిచిన తేదీ సీసా మీద మార్కరుతో రాయండి. 40 ఐయూ మందు 10 ఎంఎల్ సీసాలో 400 యూనిట్లుంటాయి. పూటకు 4 చొప్పున రెండు పూటలా వేస్తే 50 రోజులు వస్తుంది, లేబుల్ మీద గడువు అంతకంటే ముందే అయిపోతుంది. మందు మిగిలింది కదా అని లాగించకండి.

"పంది ఇన్సులిన్ తప్ప కుక్కకు ఇంకేదీ పడదు" అని భయపెట్టి, బిల్లు లేని విదేశీ సీసాను ఎక్కువ ధరకు అంటగట్టేవాళ్లతో జాగ్రత్త. పంది ఇన్సులిన్ అణువు కుక్కదానితో అచ్చంగా సరిపోతుందన్నది నిజమే. మనిషిది ఒకే ఒక్క అమైనో ఆమ్లం తేడా, అది కూడా కుక్కల్లో పనిచేస్తుంది. అసలైన కంపెనీ సరుకుకే నిల్వలో సమస్య రావచ్చు: 2009 నవంబరులో పంది ఇన్సులిన్ అయిన వెట్సులిన్ నిలకడగా లేదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది, కొన్నేళ్లపాటు అది అక్కడ సులువుగా దొరకలేదు. ఇక ఎక్కడ నిల్వ ఉందో తెలియని సీసాను ఏం చూసి నమ్ముతారు?

సూది తప్పుతుందని మాత్రలు అమ్మేవాళ్ల మాట వినకండి. కుక్కలకు వచ్చే షుగర్‌లో దాదాపు ఎప్పుడూ ఇన్సులిన్ తయారు చేసే కణాలే పోతాయి, మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ లాంటి మనుషుల షుగర్ మాత్రలు దాన్ని పూడ్చలేవు. పిల్లుల సంగతి వేరు. అమెరికాలో 2022 డిసెంబరులో బెక్సాగ్లిఫ్లోజిన్, 2023లో వెలాగ్లిఫ్లోజిన్ అనే నోటి మందులు పిల్లుల కోసం అనుమతి పొందాయి. అవి కూడా అంతకుముందు ఇన్సులిన్ వాడని, మిగతా ఆరోగ్యం బాగున్న పిల్లులకే. షుగర్ మామూలుగా చూపిస్తుండగానే కీటోఅసిడోసిస్ (రక్తం ఆమ్లంగా మారి ప్రాణం మీదికి తెచ్చే స్థితి) వచ్చే ప్రమాదం వీటితో ఉంది. మన మెడికల్ షాపులో చవకగా దొరికే, అదే కోవకు చెందిన డాపాగ్లిఫ్లోజిన్ మాత్రను ముక్కలు చేసి పిల్లికి పెట్టడం మహా ప్రమాదం.

సరుకు తప్పుగా వస్తే పారేయకండి. పెట్టె, బ్యాచ్ నంబరు, బిల్లు ఫొటో తీసి 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లోనూ, రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖలోనూ ఫిర్యాదు పెట్టండి.

తప్పు డోసు ఇప్పటికే పడిపోయిందని అనుమానముంటే వెంటనే తిండి పెట్టండి, డాక్టరుకు ఫోన్ చేయండి. సూదిమందు సగం బయటపోయినట్టు అనిపించినా మళ్లీ వేయకండి, తర్వాతి పూట దాకా ఆగండి. తూలడం, వణుకు, పిలిచినా పలకకపోవడం, ఫిట్స్ కనిపిస్తే తేనెగానీ నీళ్లలో చిక్కగా కలిపిన గ్లూకోజ్ పొడిగానీ చిగుళ్లకు రాయండి. ఫిట్స్‌లో ఉన్నప్పుడు నోట్లో పోయొద్దు, పళ్ల మధ్య వేలు పెట్టొద్దు. షుగర్‌ఫ్రీ సరుకేదీ వాడకండి. చక్కెర లేదు కాబట్టి అది పనిచేయదు, పైగా అందులో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటే కుక్కలో షుగర్ ఇంకా పడిపోతుంది. కాస్త తేరుకున్నా సరే ఆస్పత్రికి తీసుకెళ్లండి, ఇన్సులిన్ ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. వెళ్లేటప్పుడు సీసా, వాడిన సిరంజి రెండూ పట్టుకెళ్లండి. నిజంగా ఎన్ని యూనిట్లు పడ్డాయో డాక్టరు లెక్కగట్టేది ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసే.