వెనక డిస్క్ బ్రేక్: కొన్నేళ్లు వాడాక చెబుతున్న మాట

కొత్త బండిలో వెనక డిస్క్ బ్రేక్ గురించి రాయడానికి ఏమీ ఉండదు. తొక్కితే ఆగుతుంది, అంతే. వానలు, బురద, దుమ్ము అన్నీ చూశాకే దాని అసలు గుణం బయటపడుతుంది. నా బండికి ఉన్నది చాలా బైకులకు వచ్చే రకమే: ఒకే పిస్టన్ ఉన్న ఫ్లోటింగ్ కాలిపర్ (రెండు ప్యాడ్స్‌తో డిస్క్‌ను నొక్కి పట్టే, పక్కకు జరిగే భాగం), ఫుట్‌రెస్ట్ పక్కన చిన్న మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ను కాలిపర్‌కు నెట్టేది).

ఆపే శక్తి మీద నాకు ఫిర్యాదు లేదు. బ్రేక్ వేయగానే బరువంతా ముందుకు పోతుంది కాబట్టి వెనక బ్రేక్ నుంచి మరీ ఎక్కువ ఆశించకూడదు. ట్రాఫిక్‌లో నెమ్మదిగా బండి తిప్పేటప్పుడు, మట్టి రోడ్డు మీద, ఎత్తులో ఆగినప్పుడు మాత్రం ఆదుకునేది ఇదే. నా చిరాకంతా వేరే విషయం మీద. చెడితే లోపం ఎక్కడుందో ఒక పట్టాన తెలియదు. మెకానిక్‌కు చెబితే సగం వినకుండానే ‘ప్యాడ్స్ మార్చేద్దాం’ అంటాడు. మార్చాక నాలుగు రోజులు బాగుంటుంది, మళ్లీ అదే కథ.

చక్రం పట్టేస్తోందన్న అనుమానం వస్తే నేను సెంటర్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో చేత్తో తిప్పి చూస్తాను. సన్నగా రాసుకునే చప్పుడు మామూలే. ఇందులో ప్యాడ్స్‌ను వెనక్కి లాగే పెద్ద స్ప్రింగేమీ ఉండదు. పిస్టన్ చుట్టూ ఉన్న రబ్బరు సీలు కాస్త మెలిపడి తిరిగి సర్దుకుంటుంది, ఆ వెంట్రుకవాసి సందే మనకు దొరికేది. పెడల్ గట్టిగా తొక్కి వదిలాక కూడా చక్రం బరువుగా తిరిగితేనే కంగారుపడాలి.

అప్పుడు కాలిపర్ నుంచి ఆయిల్ బయటకు వదిలే స్క్రూకు, అంటే బ్లీడ్ నిపుల్‌కు ట్యూబు తొడిగి కొంచెం వదులు చేయండి. చక్రం వెంటనే వదిలేస్తే లోపల ప్రెజర్ నిలిచిపోతోందని అర్థం. మాస్టర్ సిలిండర్‌ని గానీ హోస్‌ని గానీ చూడాలి. ఆయిల్ బయటకు వచ్చినా చక్రం అలాగే బిగిసి ఉంటే పిస్టనో, కాలిపర్ జరిగే స్లైడ్ పిన్నులో ఇరుక్కున్నట్టు. ఏ భాగం కొనకముందే చేయదగ్గ పరీక్ష ఇది. బ్రేక్ ఆయిల్ బండి పెయింట్‌ను తినేస్తుంది, కింద పాత గుడ్డ పరుచుకోండి.

ప్రెజర్ నిలిచిపోతోందని తేలితే ముందు పెడల్ ఫ్రీ ప్లే (బ్రేక్ పట్టేలోపు పెడల్ కదిలే ఖాళీ) చూడండి. పెడల్ ఎత్తు మార్చాలని దాన్ని మాస్టర్ సిలిండర్‌కు కలిపే పుష్‌రాడ్ తిప్పినప్పుడు అది సిలిండర్ లోపలి పిస్టన్‌ను ఎప్పుడూ కాస్త నొక్కే స్థితిలో ఉండిపోవచ్చు. అప్పుడు ఆయిల్ తన డబ్బాకు, అంటే రిజర్వాయర్‌కు తిరిగి వెళ్లే సన్న రంధ్రం మూసుకుపోతుంది. వేడికి పెరిగిన ఆయిల్‌కు దారి లేక బ్రేక్ తనంతట తానే పట్టేస్తుంది. బయల్దేరినప్పుడు బాగుండి, కొంత దూరం పోయాక పట్టేసి, చల్లారాక వదిలేస్తోందా? అనుమానం ముందు ఇక్కడే. ఆ రంధ్రంలో పాత ఆయిల్ మడ్డి చేరినా ఇదే లక్షణం.

నా బండిలో మాత్రం ఎక్కువసార్లు దొరికిన దొంగ స్లైడ్ పిన్నులే. పిస్టన్ ఒకవైపే ఉంటుంది కదా, రెండో ప్యాడ్ పని చేయాలంటే కాలిపర్ మొత్తం ఆ పిన్నుల మీద జరగాలి. వెనక చక్రం ఎగజిమ్మే బురద పిన్నుల్లోకి చేరితే ఆ కదలిక ఆగిపోతుంది. అందుకే పాత ప్యాడ్స్ పారేసే ముందు రెండూ పక్కపక్కన పెట్టి చూస్తాను. పిస్టన్ వైపుది బాగా అరిగి రెండోది మిగిలిపోయినా, ఒకటి ఏటవాలుగా అరిగినా కొత్త ప్యాడ్స్ వేసి లాభం లేదు. పిన్నులు తీసి, శుభ్రం చేసి, సిలికాన్ గ్రీజు రాయాలి. మామూలు గ్రీజు పిన్నుల మీది రబ్బరు తొడుగులను ఉబ్బించేస్తుంది.

పెడల్ మెత్తబడితే సాధారణంగా ఆయిల్‌లో చేరిన గాలే. ఎన్నిసార్లు బ్లీడింగ్ (నిపుల్ ద్వారా గాలి తీయడం) చేసినా పోకపోతే నిపుల్ ఎక్కడుందో గమనించండి. కాలిపర్ స్వింగార్మ్ కింద వేలాడే బండ్లలో నిపుల్ అన్నిటికంటే పైన ఉండకపోవచ్చు, గాలేమో పైకే పోతుంది. కాలిపర్ విప్పి, ప్యాడ్స్ మధ్య డిస్క్ అంత మందం చెక్కముక్క పెట్టి, నిపుల్ పైకి వచ్చేలా పట్టుకుని చేస్తే వస్తుంది. ఎక్కడా కారకుండా పెడల్ నెమ్మదిగా దిగిపోతుంటే మాస్టర్ సిలిండర్ సీలు పోయినట్టే.

దిగుడు దారిలో చాలాసేపు బ్రేక్ వాడాక పెడల్ మెత్తబడిందంటే వేడికి మరిగిందేమోనని ఆయిల్‌ను అనుమానించాలి. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదు. తేమ పీల్చుకున్నాక ఆ కనీస హద్దు 155 డిగ్రీలే. రెండేళ్లకోసారి మార్చమనేది అందుకే. డాట్ 5 మాత్రం సిలికాన్ రకం, డాట్ 4తో కలపకూడదు.

కీచుమనే చప్పుడుకు కారణాలు సవాలక్ష, చాలావరకు ప్రమాదం లేనివే. చైన్ లూబ్ డిస్క్ మీద పడి, బ్రేక్ పట్టు కూడా తగ్గితే మాత్రం ప్యాడ్స్ మార్చక తప్పదు. గీకితే తాత్కాలికమే, నూనె లోపలికి ఇంకిపోతుంది.

డ్రమ్ బ్రేక్‌కు ఇన్ని తంటాలు ఉండవు, రాడ్ చివరి నట్టు తిప్పుకుంటే చాలావరకు సరిపోతుంది. అయినా నా ఓటు డిస్క్‌కే. తడిసినా త్వరగా ఆరి పట్టు దొరుకుతుంది, ప్యాడ్స్ ఎంత మిగిలాయో చక్రం విప్పకుండానే చూడొచ్చు. ప్యాడ్స్ మార్పిస్తున్నప్పుడు పిన్నులు కూడా బయటకు తీయమని మెకానిక్‌కు మీరే చెప్పండి. అడగకపోతే చాలామంది తీయరు.