ముందే గీసిన గీతా, తర్వాత గీసే గీతా: ఇంజనీరింగ్‌లో ఏ గ్రేడింగ్ మేలు?

సెమిస్టర్ ఫలితాలు వచ్చిన మర్నాడు మూడో సంవత్సరం అమ్మాయి ఒకతె స్టాఫ్ రూముకు వచ్చి ఫోన్ నా ముందు పెట్టింది. డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్‌లో 62 మార్కులు, గ్రేడు 'ఏ'. తను ఎంచుకున్న మేనేజ్‌మెంట్ ఎలక్టివ్‌లో 80 మార్కులు, గ్రేడు 'బి'. "మేడమ్, ఇవి తారుమారు అయ్యాయేమో చూడరా?" అంది. తారుమారేమీ కాలేదు. మా కాలేజీకి అటానమస్ హోదా (పరీక్షలు, గ్రేడ్లు కాలేజీయే చూసుకునే వీలు) వచ్చాక రెలెటివ్ గ్రేడింగ్‌కు, అంటే క్లాసులో మిగతావాళ్ల మార్కులతో పోల్చి గ్రేడు ఇచ్చే పద్ధతికి, మారాం. వాళ్లన్నయ్య యూనివర్సిటీకి అనుబంధంగా ఉన్న కాలేజీలో చదివాడు. అక్కడ 80 అంటే ఎప్పుడూ 80కి వచ్చే గ్రేడే. ఇంట్లో ఎంత చెప్పినా ఎవరికీ ఎక్కలేదట.

నేను ఆ రకం కాలేజీలోనూ చెప్పాను, ఈ రకం కాలేజీలోనూ చెబుతున్నాను. యూజీసీ క్రెడిట్ సిస్టమ్ మార్గదర్శకాలు రెండు పద్ధతులనూ ఒప్పుకున్నాయి. ఏది మేలని పిల్లలు అడిగితే ఒక్క ముక్కలో చెప్పలేకపోతున్నాను కాబట్టి ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. పనిలో పనిగా ఇంటర్నల్స్, అటెండెన్స్, ఆలస్యానికి కోత సంగతులు కూడా.

ముందు లెక్క చూద్దాం. ఆబ్సొల్యూట్ పద్ధతిలో ఏ గ్రేడుకు ఎన్ని మార్కులో చెప్పే గీతలు పరీక్షకు ముందే గీసి ఉంటాయి. జేఎన్‌టీయూ హైదరాబాద్ రెగ్యులేషన్లలో 90 నుంచి 'ఓ', 80 నుంచి 'ఏ ప్లస్', 70 నుంచి 'ఏ', 60 నుంచి 'బి ప్లస్', 50 నుంచి 'బి', 40 నుంచి 'సి', అంతకు తగ్గితే ఫెయిల్. పాయింట్లు వరసగా 10, 9, 8, 7, 6, 5, 0. రెలెటివ్ పద్ధతిలో గీతలు పేపర్లు దిద్దాక పడతాయి. క్లాసు సగటు, మార్కులు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే స్టాండర్డ్ డీవియేషన్, ఈ రెండింటిని బట్టి గీస్తారు. సగటుకు ఒకటిన్నర డీవియేషన్ పైన ఉంటే 'ఎస్', అర డీవియేషన్ పైన ఉంటే 'ఏ', సగటు చుట్టుపక్కల ఉంటే 'బి', ఇలా కిందికి దిగుతుంది. చోటును బట్టి ఈ కొలతలు మారతాయి.

ఆ అమ్మాయి క్లాసులో సిగ్నల్ ప్రాసెసింగ్ సగటు 48, డీవియేషన్ 12. అంటే 54 నుంచి 66 దాకా 'ఏ'. మేనేజ్‌మెంట్‌లో సగటు 78, డీవియేషన్ 8. 'ఏ' 82 దగ్గర మొదలవుతుంది. రెండు మార్కుల్లో పోయింది. మా దగ్గర 'ఏ'కి 9 పాయింట్లు, 'బి'కి 8. రెండూ కలిపి 17. అవే మార్కులు వాళ్లన్నయ్య కాలేజీలో వచ్చుంటే 62కి 7, 80కి 9, మొత్తం 16. ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే కాస్త స్థిమితపడింది. "అయితే నాకు లాభమేనా?" అంది. ఈసారికి లాభమే.

పేపర్ చెడితే ఎవరు మోస్తారు?

నా దృష్టిలో ఈ రెండు పద్ధతులకూ ఉన్న అసలు తేడా ఇదే. అనుబంధ కాలేజీలో ప్రశ్నపత్రం ఎవరో తయారుచేస్తారు. ఆయన మన క్లాసు ఎప్పుడూ చూడలేదు. ఐదో యూనిట్ మేం హడావుడిగా ముగించామని ఆయనకు తెలియదు. పేపర్ కష్టంగా వస్తే ఆ బరువంతా పిల్లల మీదే పడుతుంది. గీత 40 దగ్గరే ఉంటుంది, కదలదు. 37 వచ్చినవాడు సప్లీకి, అంటే మళ్లీ రాసే పరీక్షకు, ఫీజు కట్టుకోవాలి.

రెలెటివ్‌లో ఆ బరువు క్లాసంతా పంచుకుంటుంది. పైన చెప్పిన క్లాసులోనే 37 వచ్చినవాడికి లెక్క ప్రకారం 'సి' పడుతుంది, మా స్కేలులో 7 పాయింట్లు. ఒకచోట ఫెయిల్, ఇంకోచోట 7! అందుకే చాలాచోట్ల రెలెటివ్ పెట్టినా, పాస్ అవడానికి కనీసం ఇన్ని మార్కులు రావాలని ఇంకో గీత విడిగా గీస్తారు. అది లేకపోతే క్లాసంతా కూడబలుక్కుని చదవడం మానేసినా సగం మందికి మంచి గ్రేడ్లు వచ్చేస్తాయి. మాస్ బంక్ కొట్టే పిల్లలకు ఈ ఉపాయం తట్టకుండా ఉంటుందా?

ఇంతవరకూ చూస్తే రెలెటివే న్యాయంగా కనిపిస్తుంది. మేం మారినప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. మారిన మొదటి సెమిస్టర్‌లోనే ఒకటి గమనించాను. అప్పటిదాకా సీఆర్ (క్లాస్ రిప్రజెంటేటివ్) నడిపే వాట్సాప్ గ్రూపులో పరీక్షల ముందు నోట్సులు, పాత పేపర్ల జవాబులు వెల్లువలా వచ్చేవి. బాగా రాసే పిల్లలు ఫొటోలు తీసి పెట్టేవాళ్లు. ఆ సెమిస్టర్‌లో గ్రూపు మూగబోయింది. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు, గొడవలేమీ లేవు. నా నోట్సు చదివి పక్కవాడు రాస్తే సగటు పెరుగుతుంది, సగటు పెరిగితే నా గ్రేడు తగ్గుతుంది. ఇది వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేకుండానే అర్థమైంది. ఆబ్సొల్యూట్‌లో పిల్లవాడు పేపర్‌తో కుస్తీ పడతాడు. రెలెటివ్‌లో బెంచీ పక్కవాడితో పడతాడు.

ఇంకో చిక్కు సెక్షన్ల లెక్క. అరవై మంది ఉన్న సెక్షన్లు నాలుగు ఉండి, ఒకే పేపర్ రాసి, నాలుగింటికీ కలిపి సగటు తీస్తే ఆ సగటుకు అర్థం ఉంటుంది. పద్నాలుగు మంది తీసుకున్న ఎలక్టివ్‌లో సగటూ డీవియేషనూ తీసి గీతలు గీయడం నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు. ఇద్దరు బాగా రాస్తే చాలు, మిగతా పన్నెండు మంది గ్రేడు జారిపోతుంది. ర్యాంకులను బట్టి ఏ సెక్షన్, బి సెక్షన్ అని పిల్లల్ని విడదీసే కాలేజీలో సెక్షన్‌వారీగా రెలెటివ్ పెడితే ఇంకా అన్యాయం. మంచి సెక్షన్‌లో పడ్డందుకు శిక్ష అన్నమాట.

ఉద్యోగాల దగ్గర మాత్రం ఆబ్సొల్యూటే సుఖం. క్యాంపస్‌కు వచ్చే కంపెనీల్లో చాలావాటికి కావలసింది 60 శాతం, బ్యాక్‌లాగ్ (పాస్ కాకుండా మిగిలిన సబ్జెక్టు) లేకపోవడం. మీ క్లాసు సగటు ఎంత అని ఎవరూ అడగరు. జేఎన్‌టీయూ హైదరాబాద్ సూత్రం ప్రకారం సీజీపీఏలో (అన్ని సెమిస్టర్ల గ్రేడు పాయింట్ల సగటులో) అర తీసేసి పదితో గుణిస్తే శాతం వస్తుంది, అంటే 60 శాతం కావాలంటే 6.5 ఉండాలి. సెమిస్టర్ మధ్యలోనే పిల్లవాడు తనకు ఇంకెన్ని మార్కులు కావాలో వేళ్ల మీద లెక్కపెట్టుకోగలడు. రెలెటివ్‌లో చివరి రోజుదాకా గ్రేడు ఎంతో తెలియదు. ఆ టెన్షన్ తట్టుకోలేక మంచి మార్కులొచ్చిన పిల్లలు కూడా ఫలితాల వారంలో నా చుట్టూ తిరుగుతుంటారు.

కాబట్టి నా ఓటు ఎటు? ఒకే పేపర్ రాసే పెద్ద క్లాసుకు, ముఖ్యంగా మ్యాథ్స్ లాంటి మొదటి ఏడాది సబ్జెక్టులకు, కనీస మార్కు గీతతో కలిపి రెలెటివ్. మిగతా అన్నిటికీ ఆబ్సొల్యూట్. పాఠం చెప్పినవాళ్లే పేపర్ ఇచ్చే అటానమస్ కాలేజీలో, పేపర్ కష్టమైతే అది మా తప్పు. దాన్ని డీవియేషన్ వెనక దాచుకోవడం కంటే మంచి పేపర్ ఇవ్వడం నేర్చుకోవాలి. ఈ మాట స్టాఫ్ మీటింగులో అంటే పెద్దగా చప్పట్లు పడలేదు.

ఇంటర్నల్స్ ఎక్కువుంటే మంచిదా?

జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్18లో, అంటే 2018 రెగ్యులేషన్లలో, ఇంటర్నల్స్ (సెమిస్టర్ మధ్యలో కాలేజీ వేసే మార్కులు) 25, ఎక్స్‌టర్నల్ (సెమిస్టర్ చివరి పరీక్ష) 75. ఆర్22కు వచ్చేసరికి 40, 60 అయింది. జేఎన్‌టీయూ కాకినాడ ఆర్20లో 30, 70. ఇంటర్నల్స్ పెరగడం మంచిదేనని నా అభిప్రాయం. మూడు గంటల ఒక్క పరీక్ష మీద నాలుగు నెలల చదువు వేలాడదీయడం సరికాదు. జ్వరం వస్తే, బస్సు ఆలస్యమైతే అంతే సంగతులు.

కానీ ఒక షరతు. ఆ 40 మార్కులు కష్టపడితేనే రావాలి. పాస్ శాతం కోసం అందరికీ 35కు తగ్గకుండా పప్పుబెల్లాల్లా పంచే కాలేజీలో 40, 60 కంటే పాత 25, 75 నయం. ఆర్22లో ఇంటర్నల్స్ 40లో 14, ఎక్స్‌టర్నల్ 60లో 21 తెచ్చుకుని, మొత్తం 40 వస్తే గట్టెక్కుతారు. ఇంటర్నల్స్‌లో 38 ఊరికే పడితే ఆ 21తో కలిపి 59, అంటే 'బి'. సబ్జెక్టు రాకుండానే 'బి'. ఆ పిల్లవాడే రేపు ఇంటర్వ్యూలో నోరు తెరవలేక కూర్చుంటాడు, అప్పుడు కంపెనీని తిట్టుకుంటాం.

రెండు మిడ్స్ (సెమిస్టర్ మధ్యలో పెట్టే ఇంటర్నల్ పరీక్షలు) కలిపే పద్ధతి గురించి పిల్లలు పెద్దగా ఆలోచించరు గానీ, తేడా చాలా ఉంది. ఒకడికి 30కి మొదటి మిడ్‌లో 12, రెండోదాంట్లో 26 వచ్చాయనుకుందాం. హైదరాబాద్ పద్ధతిలో సగటు తీస్తే 19. కాకినాడ ఆర్20 పద్ధతిలో మంచి మిడ్‌కు 80 శాతం, రెండోదానికి 20 శాతం బరువు, అంటే 23.2. రెండిట్లో మంచిదే తీసుకునే చోట 26. ఈ మూడింటిలో నాకు 80, 20 నచ్చుతుంది. ఈఏపీసెట్ చివరి కౌన్సెలింగ్‌లో సీటొచ్చి ఆలస్యంగా చేరే పిల్లలు, ఈసెట్ రాసి డిప్లొమా నుంచి నేరుగా రెండో ఏడాదికి వచ్చేవాళ్లు మొదటి మిడ్‌లో తడబడతారు. అది వాళ్ల తప్పు కాదు. సగటు పద్ధతి వాళ్లను చివరిదాకా వెంటాడుతుంది. మంచిది ఒక్కటే తీసుకునే పద్ధతిలో మాత్రం మొదటి మిడ్ బాగా రాసినవాడు రెండో మిడ్‌కు పుస్తకం తెరవడు. ఇది నేను కళ్లారా చూసిందే.

అటెండెన్స్

మన యూనివర్సిటీల్లో 75 శాతం ఉండాలి. అనారోగ్యం లాంటి కారణం ఉంటే 65 దాకా కండోనేషన్ (మినహాయింపు) ఫీజు కట్టి బయటపడొచ్చు, అంతకు తగ్గితే డిటెయిన్, అంటే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాల్సిందే. సెమిస్టర్‌కు 90 రోజులు పాఠాలు జరిగితే 22 రోజులు మానేసినా ఫర్వాలేదన్నమాట, అది తక్కువేమీ కాదు. బిట్స్ పిలానీ లాంటి చోట్ల అటెండెన్స్ నిబంధనే లేదు, వస్తే వచ్చావు, లేకపోతే లేదు. మా పిల్లలు అది స్వర్గమనుకుంటారు. అక్కడ సెమిస్టర్ పొడుగునా ఏదో ఒక పరీక్ష ఉంటూనే ఉంటుందని, క్లాసుకు రానివాడు దానికే దెబ్బతింటాడని వాళ్లకు తట్టదు. పరీక్షలు రెండు మిడ్సే పెట్టి అటెండెన్స్ తీసేస్తే మన దగ్గర క్లాసులో గోడలు మిగులుతాయి. మొదటి రెండేళ్లూ 75 ఉండాల్సిందే. నాలుగో ఏడాదిలో ప్రాజెక్టు చేసుకునేవాళ్లను, ఇంటర్న్‌షిప్‌కు వెళ్లేవాళ్లను వదిలేయొచ్చు.

ఒక్క విషయం. అటెండెన్స్ లెక్క చూసుకోవడం పిల్లల బాధ్యతే. సెమిస్టర్ చివరి వారంలో 64 శాతం చేతపట్టుకుని "మేడమ్, ఒక్క శాతమే కదా" అని వచ్చేవాళ్లు ఏటా ఉంటారు. ప్రతి శనివారం ఐదు నిమిషాలు పోర్టల్ చూసుకుంటే అక్టోబర్‌లోనే తెలిసేది. దిద్దిన మిడ్ పేపర్లు చేతికి ఇచ్చినప్పుడు చూడకుండా సంతకం పెట్టి తిరిగిచ్చేసేవాళ్లదీ అదే వరస. కూడికలో నేను చేసిన తప్పు పట్టుకుని నాలుగు మార్కులు సంపాదించుకున్నవాళ్లు ఉన్నారు. ఊరికి వెళ్లాల్సి వస్తే వెళ్లకముందు చెప్పినవాడి మాటకు ఉండే విలువ, వచ్చాక సర్టిఫికెట్ తెచ్చినవాడి మాటకు ఉండదు.

ఆలస్యం చేస్తే సున్నానా, కోతా?

ఇదొక్కటే నేను పూర్తిగా మనసు మార్చుకున్న విషయం. పదేళ్ల కిందట గడువు దాటితే అసైన్‌మెంట్ తీసుకునేదాన్ని కాదు. ఫలితం? ఒకడు రాస్తే అరవై మంది గడువు రోజు పొద్దున కాలేజీ బస్సులో కూర్చుని దించేవాళ్లు. ఇప్పుడు రోజుకు పది శాతం కోత పెట్టాను, ఐదు రోజుల తర్వాత తీసుకోను. అమెరికాలో ఎంఎస్ చేస్తున్న నా పాత విద్యార్థులు అక్కడి కోర్సుల్లో ఉందని చెబితే మొదలుపెట్టాను. సెమిస్టర్ మొదటి రోజే సిలబస్ కాగితంలో మార్కుల విభజన, ఆలస్యానికి కోత, కాపీ కొడితే ఏమవుతుంది అన్నీ రాసిస్తారట, ఆ తర్వాత ఎవరూ బతిమాలుకోరట. మన పిల్లలకు అక్కడ మొదటి దెబ్బ అదే. ఇక్కడ అసైన్‌మెంట్ దించడం స్నేహం కింద లెక్క, అక్కడ అది క్రమశిక్షణ కమిటీ దాకా వెళ్లే నేరం. పీజీలో సగటు 3.0 జీపీఏ (అక్కడి లెక్క 4కి) నిలబెట్టుకోవాలనే నిబంధన చాలా యూనివర్సిటీల్లో ఉంటుంది కాబట్టి ఒక్క అసైన్‌మెంట్ సున్నా కూడా బరువే.

కోత పెట్టాక దించడం ఆగలేదు గానీ తగ్గింది. ఒక రోజు ఆలస్యమైనా సొంతంగా రాసి ఇచ్చేవాళ్లు క్లాసుకు పది పన్నెండు మంది తేలారు. గడువు పెట్టి సున్నా వేసే రోజుల్లో వాళ్లంతా దించేవాళ్లేనని ఇప్పుడు తెలుస్తోంది.

మొన్న ఓపెన్ ఎలక్టివ్ ఫారాలు ఇచ్చారు. ఆ 62, 80 అమ్మాయి మళ్లీ వచ్చింది. ఏ సబ్జెక్టు ఇష్టమో అడుగుతుందనుకున్నాను. "టాపర్లు ఏది తీసుకోవట్లేదో మీకేమైనా తెలుసా మేడమ్?" అంది. తెలియదన్నాను. "పోనీలెండి, సీనియర్ల దగ్గర లిస్టు ఉందట" అని వెళ్లిపోయింది.