వియన్నాలో ముందు ఇల్లు, తర్వాత ఊరు

వియన్నా వెళ్ళే కుటుంబాలు ఎక్కువగా పాత ఊరి చుట్టూ ఉన్న రింగ్ రోడ్డు లోపలే, ష్టెఫాన్ కేథడ్రల్ చుట్టుపక్కల హోటల్ వెతుక్కుంటాయి. పిల్లలతో వెళ్ళేవాళ్ళకు అది గిట్టుబాటు బేరం కాదని నా అభిప్రాయం. నేనూ మా అమ్మాయిలిద్దరూ మూడో డిస్ట్రిక్ట్‌లో (ఊళ్ళోనే ఓ పేట అనుకోండి), రోఖస్‌గాస్సె మెట్రో స్టేషన్ పక్కన, ఓ పాతకాలపు బిల్డింగ్‌లో ఫ్లాట్ తీసుకున్నాం. అక్కణ్ణుంచి కేథడ్రల్ యూ3 లైన్లో మూడో స్టాప్. ఎయిర్‌పోర్ట్ నుంచి వచ్చే ఎస్7 లోకల్ ఆగే వీన్ మిట్టె స్టేషన్ అయితే ఒక్క స్టాపే. అదే స్టేషన్‌కి క్యాట్ అనే ఎక్స్‌ప్రెస్ 16 నిమిషాల్లో తీసుకొస్తుంది కానీ టికెట్ బాగా ఎక్కువ. లోకల్‌కి ఇంకో పది నిమిషాలు పడుతుంది, అంతే తేడా. టికెట్ మీద మిగిలిన డబ్బుకి ఎన్ని ఐస్‌క్రీములు వస్తాయో మా చిన్నది రైల్లోనే లెక్క తేల్చేసింది.

ఫ్లాట్ ప్రకటనలో రెండో అంతస్తు అని రాసి ఉంది, లిఫ్ట్ లేదనీ రాసి ఉంది. రాయనిదేమిటంటే, వియన్నా పాత బిల్డింగుల్లో చాలాచోట్ల నేల అంతస్తు పైన హోఖ్‌పార్టెర్, దానిపైన మెజనీన్ అని మరో రెండు ఉంటాయి. అవి దాటాకే ఒకటో అంతస్తు మొదలు. సూట్‌కేసులు మోస్తూ ఒక్కో మలుపు దగ్గరా ఆగి గోడ మీద పేరు చదివి, "ఇంకా రాలేదు నాన్నా" అని పెద్దది కేకేస్తుంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బుక్ చేసేముందు మొత్తం ఎన్ని మెట్లో అడగండి, అంతస్తు కాదు.

లోపలికెళ్ళాక మాత్రం ఇల్లు నచ్చేసింది. ఎత్తైన కప్పు, రెండు పొరల కిటికీలు, చెక్క నేల. ఏసీ లేదు, ఈ పాత ఇళ్ళలో అది ఉండడమే అరుదు. జూలై ఎండకి పొద్దున్నే కిటికీలు మూసి పరదాలు లాగేసి, రాత్రి తెరిచి పెట్టుకుంటే నిద్రకి ఇబ్బంది లేదు. స్నానాల గది వేరు, టాయిలెట్ వేరు. ఇద్దరు ఆడపిల్లలున్న ఇంట్లో దీనంత సుఖం ఇంకోటి లేదు. టాయిలెట్‌లో కుళాయి ఉండదు కాబట్టి ఓ మగ్గు సూట్‌కేసులో పడేసుకోవడం మంచిది.

మంచినీళ్ళు కొనక్కర్లేదు. 1873లో వేసిన పైప్‌లైన్ ఇప్పటికీ ఆల్ప్స్ కొండల ఊటనీళ్ళు ఊళ్ళోకి తెస్తోంది, 1910లో రెండోది తోడైంది. వంటింటి కుళాయి తిప్పితే వేసవిలో కూడా చల్లగా వస్తాయి. వేరే డ్రింకులు కొంటే ఖాళీ సీసాలు పారేయకండి. 2025 నుంచి ప్లాస్టిక్ బాటిల్‌కీ డబ్బాకీ 25 సెంట్లు డిపాజిట్ పట్టుకుంటున్నారు. సూపర్‌మార్కెట్‌లో గోడకున్న మెషిన్ గుండ్రటి నోట్లో సీసా పెడితే అది ఓసారి తిప్పి చూసుకుని మింగుతుంది, ఆఖర్న ఓ చీటీ ఇస్తుంది, దాన్ని కౌంటర్లో ఇస్తే డబ్బులు. నలిపితే తీసుకోదు. ఆ సంగతి తెలిశాక చిన్నది మా చేతుల్లోంచి సీసాలు లాక్కోవడం మొదలెట్టింది.

ఆదివారం సంగతి ముందే తెలుసుకుని వెళ్ళాలి. దాదాపు అన్ని దుకాణాలూ మూత. పెద్ద రైల్వే స్టేషన్లలోనివి తెరిచి ఉంటాయి. వీన్ మిట్టె నుంచి ఒక స్టాప్ వెళ్తే ప్రాటర్‌ష్టెర్న్, అక్కడ పాలూ బ్రెడ్డూ దొరుకుతాయి, ఎదురుగానే ప్రాటర్ పార్కు. లోపలికి టికెట్ లేదు, ఎక్కిన ప్రతి ఆటకీ విడివిడిగా కట్టాలి. 1897 నాటి జెయింట్ వీల్ నిదానంగా తిరిగే చెక్క గదులు. పెద్దదానికి బోరు కొట్టింది, నాకు నచ్చింది.

మెట్రోలో గేట్లు లేవు, చెకింగ్ మాత్రం ఉంటుంది. మేం వెళ్ళింది అక్కడి బడుల వేసవి సెలవుల్లో. పదిహేనేళ్ళ లోపు పిల్లలకు ఆ సెలవుల్లో టికెట్ లేదన్నారు, ఎవరైనా అడిగితే చూపించడానికి పాస్‌పోర్ట్ కాపీ దగ్గరుంచుకున్నాం.

మ్యూజియాల విషయంలో వియన్నాని మెచ్చుకోవాల్సిందే. ప్రభుత్వ మ్యూజియాల్లో 19 ఏళ్ళలోపు వాళ్ళకి ప్రవేశం ఉచితం, కాబట్టి ముగ్గురికీ కలిపి నా ఒక్కడి టికెట్టే. పిల్లలు విసుక్కుంటే గంటకే బయటికొచ్చేయొచ్చు, డబ్బు పోయిందన్న బాధ ఉండదు. ఎదురెదురుగా కవలల్లా నిలబడ్డ రెండు భవనాల్లో ప్రకృతి చరిత్ర మ్యూజియం మంగళవారం మూత. అందులో చూడాల్సింది వీలెన్‌డార్ఫ్ వీనస్ అనే రాతియుగం నాటి స్త్రీ బొమ్మ, 1908లో దొరికింది, మొత్తం ఎత్తు 11 సెంటీమీటర్లు. దానికోసం ప్రత్యేకంగా ఓ చీకటి గది కట్టారు.

కళల మ్యూజియంలో నేను చిత్రకారుడు బ్రూగెల్ బొమ్మల కోసం వెళ్ళాను, అమ్మాయిలు వెలాస్కెజ్ గీసినవాటి దగ్గర ఆగిపోయారు. స్పెయిన్ రాకుమారి మార్గరీటా చిత్రాలు మూడున్నాయి. గులాబీ గౌనులో పసిది, తెల్ల గౌనులో ఐదేళ్ళది, 1659 నాటి నీలం గౌనులో ఎనిమిదేళ్ళది. వియన్నాలోని మేనమామ, చక్రవర్తి లియోపోల్డ్‌కి ఆమెని ఇవ్వాలని అనుకున్నారు కాబట్టి ఎంత పెరిగిందో చూడ్డానికి బొమ్మలు గీయించి పంపారు. "పెళ్ళికొడుక్కి ఫొటోలు పంపినట్టా?" అంది పెద్దది. అవునన్నాను. ఇరవై ఒక్క ఏళ్ళకే చనిపోయిందని చెప్పాక మళ్ళీ నీలం గౌను దగ్గరికెళ్ళి నిలబడింది.

అదే ధోరణి షోన్‌బ్రున్ ప్యాలెస్‌లో కొనసాగింది. అక్కడి 1441 గదుల్లో మనకి చూపించేది ఓ నలభై. టికెట్ మీద టైము ఉంటుంది, ఆన్‌లైన్లో ముందే తీసుకోవాలి. ఆరేళ్ళ మొజార్ట్ 1762లో వాయించిన అద్దాల గది అందరూ చూసేదే. మా వాళ్ళకి పట్టింది ఆస్ట్రియాని ఏలిన మరియా థెరిసా పదహారు మంది పిల్లల కథ. ఆఖరి ఆడపిల్ల మరీ ఆంటోనెట్‌ని 1770లో పద్నాలుగేళ్ళకే ఫ్రాన్స్‌కి ఇచ్చేశారు. "నా వయసే" అంది పెద్దది, ఆ తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. తోట ఉచితం, పొద్దున్నే వెళ్తే జాగింగ్ చేసేవాళ్ళు తప్ప ఎవరూ ఉండరు. 1752 నాటి జూ అక్కడే ఉన్నా ప్యాలెస్ చూసిన రోజు పెట్టుకోకండి, పిల్లల కాళ్ళు ఒప్పుకోవు.

డబ్బు దండగ అనిపించింది ఒక్కటే. పాతకాలపు విగ్గులూ కోట్లూ వేసుకుని వీధుల్లో కచేరీ టికెట్లు అమ్మేవాళ్ళ దగ్గర కొన్నాం. వాయించినవాళ్ళు బాగానే వాయించారు గానీ, హాలు ఇరుకు, మా సీట్లు స్తంభం వెనకాల. ఆ సాయంత్రం డోనావ్‌ఇన్‌సెల్‌కి వెళ్ళాల్సింది. డాన్యూబ్ వరదనీళ్ళు పోవడానికి తవ్విన కాలువ మట్టితో కట్టిన 21 కిలోమీటర్ల దీవి అది, యూ1 మెట్రోలో వెళ్తే చాలు, ఈతకి పైసా ఇవ్వక్కర్లేదు, వేసవిలో తొమ్మిదింటిదాకా వెలుగుంటుంది.

అసలు సంగీతం కావాలంటే జూలై, ఆగస్టు వదిలేయాలి. స్టేట్ ఆపెరాకి ఆ రెండు నెలలూ సెలవు. సెప్టెంబర్లో మొదలయ్యాక నిలబడి చూసే టికెట్లు చవగ్గా అమ్ముతారు. మూడు గంటలు నిలబడగలనని పెద్దది అంటోంది, చిన్నది మాత్రం సీసాల మెషిన్ ఉన్న ఊరైతే ఎక్కడికైనా వస్తానంటోంది.