బొగ్గు ఊళ్ళో చలి కాచుకున్నందుకు 28 యూరోలు

ఉత్తర ఫ్రాన్సులో లాన్స్ పట్టణాన్ని ఆనుకుని ఉన్న లోస్-అన్-గోయెల్ అనే చిన్న ఊళ్ళో మేము మూడు రాత్రులు బస చేసిన ఇల్లు ఒకప్పుడు గని కార్మికుడిది. ప్రకటనలో అదే పెద్ద ఆకర్షణగా రాసుకున్నారు. గోడకు ఒక తుప్పుపట్టిన దీపం, ఒక పాత తోలు టోపీ వేలాడదీశారు. అద్దె రాత్రికి 62 యూరోలు, శుభ్రం చేసినందుకు విడిగా 35 యూరోలు. ఇంతవరకు ముందే చెప్పారు గనుక ఫిర్యాదు లేదు. చెప్పనిది ఏమిటంటే, హీటరుకు విడిగా మీటరు ఉంటుందని. నవంబరు నెల, బయట నాలుగు డిగ్రీలు, నాతో వచ్చిన నాన్నగారికి డెబ్బై నాలుగేళ్ళు. ఖాళీ చేసే రోజున ఇంటి యజమాని మీటరు చూసి 28 యూరోల 40 సెంట్లు కట్టమన్నాడు.

ఆ మొత్తం పెద్దదేమీ కాదు. అయినా నాన్నగారికి కోపం రావడానికి కారణం ఉంది. ముందురోజే మేము తెలుసుకున్న ప్రకారం, ఆ వరుస ఇళ్ళలో కాపురమున్న కార్మికులు ఇంటికి అద్దె కట్టలేదు, పొయ్యికి బొగ్గు కొనలేదు. తొలుత కంపెనీలు తమ అవసరం కోసం ఇచ్చిన ఈ సౌకర్యాన్ని, గనులు జాతీయమయ్యాక 1946లో వచ్చిన గని కార్మికుల చట్టం హక్కుగా మార్చింది. కొత్తగూడెంలో ముప్పై నాలుగేళ్ళు సింగరేణిలో పనిచేసి, మైనింగ్ సర్దారుగా, అంటే భూగర్భంలో ఒక షిఫ్టు పనిని దగ్గరుండి చూసుకునే ఉద్యోగిగా, విరమించిన మనిషికి ఈ సంగతి విడమరిచి చెప్పనక్కరలేదు. ‘క్వార్టరు ఇచ్చేది మన మీద ప్రేమతో కాదురా, మనం ఎక్కడికీ పోకుండా’ అన్నారాయన, రెండు శాలువాలు కప్పుకుని. ఇక్కడి చరిత్ర కూడా ఆయన మాటకే సాక్ష్యం చెబుతుంది. 1948 నాటి పెద్ద సమ్మె తరువాత పనిలోంచి తీసేసిన వారు ఉద్యోగంతో పాటు ఇంటినీ పోగొట్టుకున్నారు.

ఊరి విషయానికి వస్తే, లోస్‌లో ఏ వీధిలో నిలబడినా కనిపించేవి రెండు నల్లటి బొగ్గుచిట్టెం కొండలు. 11, 19 నంబర్ల గనుల నుంచి తీసిన రాయిని, మట్టిని దశాబ్దాల తరబడి పోయగా అవి సముద్రమట్టానికి 186 మీటర్ల ఎత్తుకు చేరాయి. చుట్టూ నేల చదునుగా ఉండడం వల్ల అంతకన్నా ఎత్తుగా అనిపిస్తాయి. 1986లో ఇక్కడ బొగ్గు తీయడం ఆపేశారు. ఎక్కడానికి రుసుము లేదు. నేను సుమారు నలభై నిమిషాల్లో పైకి చేరాను. మోకాళ్ళ నొప్పి వల్ల నాన్నగారు కిందే ఉండిపోయి, అంత చిట్టెం బయటికి వచ్చిందంటే కింద ఎంత ఖాళీ అయి ఉంటుందో లెక్క వేస్తూ కూర్చున్నారు. పైనుంచి చూస్తే ఊళ్ళో పాత ఇల్లు ఒక్కటైనా ఎందుకు లేదో అర్థమవుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915 సెప్టెంబరు 25న బ్రిటిష్ సైన్యం తొలిసారిగా విషవాయువు వాడిన పోరు ఇక్కడే జరిగింది. అప్పటి గనికి ఉన్న జంట ఇనుప గోపురాలకు ఆ సైనికులు లండన్‌లోని వంతెన పేరు మీద ‘టవర్ బ్రిడ్జి’ అని పేరు పెట్టుకున్నారు. యుద్ధం ముగిసేసరికి ఊరు ఇటుకల కుప్పగా మిగిలింది. కాబట్టి ‘యుద్ధానికి ముందు నాటి అసలైన ఇల్లు’ అని ఎవరైనా అమ్మజూపితే, అది యుద్ధం తరువాత తిరిగి కట్టినదని గుర్తుంచుకోవాలి.

రెండో రోజు లాన్స్ నుంచి రైల్లో దువే వెళ్ళి, అక్కడినుంచి బస్సులో లెవార్డ్ చేరాము. 1931 నుంచి 1971 వరకు పనిచేసిన దెలువా గనిని 1984లో మ్యూజియంగా తెరిచారు. యాత్ర మొత్తంలో నాన్నగారు మనస్ఫూర్తిగా నవ్వింది ఇక్కడే. సందర్శకులను గనిలోకి దించే పంజరం లాంటి లిఫ్టులో ఎక్కించి తలుపులు వేశారు, పెద్ద చప్పుడుతో అది కదిలింది, పిల్లలు కేకలు పెట్టారు. తలుపు తెరవగానే ఆయన నా చెవిలో ‘దిగలేదురా, ఊగిందంతే. చెవులు దిబ్బడ వేయలేదు చూడు’ అన్నారు. గైడును అడిగితే నిజం ఒప్పుకుంది. సందర్శకులు నడిచే 450 మీటర్ల సొరంగాలు నేల మట్టంలోనే కట్టినవి. మోసమని నేను అనుకున్నాను గాని, ఆయన ఒప్పుకోలేదు. దూలాలు ఎలా నిలబెట్టారో, గుర్రాల రోజుల నుంచి కోత యంత్రాల రోజుల దాకా పని ఎలా మారిందో చూసి, కట్టినవాళ్ళకు పని తెలుసునని తీర్పు ఇచ్చారు. కార్మికులు గనిలోకి దిగే ముందు విడిచిన బట్టలను గొలుసులతో పైకప్పుకు లాగి వేలాడదీసే గది దగ్గర మాత్రం చాలాసేపు మాట్లాడలేదు. ఏ గొలుసు కిందికి దిగలేదో చూస్తే ఎవరు పైకి రాలేదో తెలిసిపోతుంది.

తిరుగు బస్సు కోసం గంటన్నర ఆగవలసి రావడంతో దువేకు టాక్సీకి 27 యూరోలు పోశాను. బస్సు వేళలు ముందే చూసుకోకపోవడం నా తప్పే.

మూడో రోజు లాన్స్ దగ్గరి మెరికూర్ అనే ఊరికి వెళ్ళాము. 1906 మార్చి 10 ఉదయం కూరియేర్ కంపెనీ గనుల్లో బొగ్గుధూళి పేలి 1,099 మంది చనిపోయారు. మంట సుమారు 110 కిలోమీటర్ల సొరంగాలను ఊడ్చేసింది. మూడు రోజులకే వెతకడం ఆపేశారు. ఇరవై రోజుల తరువాత 13 మంది తమంతట తామే దారి వెతుక్కుని బయటపడ్డారు, ఏప్రిల్ 4న మరొకరు. వెతకడం ఎందుకు ఆపారన్న ప్రశ్నతో సమ్మె రగిలి బొగ్గు ప్రాంతమంతా పాకింది. గ్యాసు లేని గనులని నమ్మి అక్కడ తెరిచిన మంట దీపాలు వాడేవారని చదివి వినిపిస్తే నాన్నగారు తల పట్టుకున్నారు. ఆ తరువాత పక్కనే లియెవెన్‌లో ప్రయోగాలు చేసి, రాతిపొడి చల్లితే పేలుడు ముందుకు పాకదని చూపారు. తన షిఫ్టులో ఆయన రోజూ చల్లించింది ఆ పొడినే. ఆ ప్రమాదంలో చనిపోయినవారి సమాధుల దగ్గర ఆయన చెప్పులు విడిచి నిలబడ్డారు, ఆ చలిలో.

తిండి గురించి ఒక్క మాట. ఇక్కడి భోజనశాలల్లో పేరున్నది బీరులో ఉడికించిన గొడ్డుమాంసం, అది మాకు పనికిరాదు. లాన్స్ స్టేషను దగ్గరి బండిలో 4 యూరోలకు దొరికిన వేడి బంగాళాదుంప వేపుళ్ళు, వెంట తెచ్చుకున్న గోంగూర పచ్చడి మూడు పూటలు మమ్మల్ని ఆదుకున్నాయి. లాన్స్‌లోని లూవ్ర్ మ్యూజియం శాఖ కూడా పాత గని స్థలంలోనే ఉంది, 2012లో తెరిచారు, ప్రధాన ప్రదర్శనశాలకు టికెట్ లేదు. బాగుంది.

ఇంటి యజమానితో వాదన అరగంట సాగింది. ప్రకటనలో హీటరు ఖర్చు గురించి ఒక్క అక్షరం లేదని ఫోనులో చూపిస్తే చివరికి 14 యూరోలు తగ్గించాడు. మీరు అలాంటి ఇల్లు తీసుకుంటే, తలుపు తీయగానే మీటరు ఫొటో తీయండి. మేము తీయలేదు గనుక, మాకంటే ముందు దిగినవాళ్ళు కాచుకున్న చలికి కూడా మేమే కట్టామేమోనని నాన్నగారికి ఇప్పటికీ అనుమానం.