ఫ్రెస్కో క్లాసు: మాస్టారికి ఫుల్ మార్కులు, నిర్వాహకులకు పాస్ మార్కులు

నేను గాజువాకలో ఒక ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ టీచర్ని. మార్కులు వేయడం అలవాటు కాబట్టి ముందే వేసేస్తున్నాను. ఈమధ్య ఫ్రెస్కో, అంటే గోడకి వేసిన తడి సున్నపు గచ్చు (పూత) మీద బొమ్మ వేసే పని, నేర్చుకున్నాను. నేర్పిన మాస్టారికి పదికి తొమ్మిదిన్నర. క్లాసు పెట్టిన స్టూడియో వాళ్లకి ఐదు, అదీ టీ బాగుంటుంది కనుక.

ఋషికొండ దాటాక, భీమిలి రోడ్డు మీంచి కాస్త లోపలికి ఒక పాత పెంకుటిల్లు. శని, ఆదివారాల్లో క్లాసు. ఫీజు ఆరు వేలు. సున్నం, ఇసుక, రంగులు అన్నీ అందులోనే. 900కె బస్సు మెయిన్ రోడ్డు మీద దింపుతుంది, అక్కణ్ణుంచి నడకే. ఎండలో ఆ నడక బాగోదు.

నేను చేరింది మాస్టారి కోసం. సిటీలోనే ఒక కాలేజీలో ఫైన్ ఆర్ట్స్ చెబుతారు, రిటైర్మెంట్ దగ్గర పడింది. బరోడాలో ఎంఎఫ్ఏ చేశాక రాజస్థాన్‌లోని బనస్థలి విద్యాపీఠ్‌లో వేసవి ఫ్రెస్కో క్యాంపుకి వెళ్లారట. ఆ క్యాంపుకి పేరుంది. జ్యోతి భట్ లాంటి చిత్రకారుడు 1953లో గోడ పని నేర్చుకున్నది బనస్థలిలోనే. ఇటాలియన్ పద్ధతి, జైపూర్ పద్ధతి రెండూ పట్టుకుని మాస్టారు విశాఖ వచ్చారు, ఉద్యోగంలో చేరారు. ఆ తర్వాత గోడలు దొరకలేదు!

"కాన్వాస్ అయితే మంచం కిందకి తోసేయొచ్చమ్మా. గోడ ఎవరో ఒకరు ఇవ్వాలి కదా" అన్నారు. ఏడాదంతా సిలబస్, ఇంటర్నల్స్, వాల్యుయేషన్. సెలవుల్లో ఎవరైనా గోడ ఇస్తే ఫ్రెస్కో. ఒక గుడి మండపం చేశారు, ఒక స్నేహితుడి ఇంట్లో వరండా చేశారు. ఒక ఆఫీసు నడవాలో జాలర్ల బొమ్మ వేస్తే, కొత్తగా వచ్చిన అధికారి దాని మీద క్రీమ్ కలర్ ఎమల్షన్ కొట్టించాడు. అది చెప్పేటప్పుడు ఆయనకి కోపం రాలేదు. "కింద రంగు ఎక్కడికీ పోదు. ఎప్పుడో ఎవరో ఆ పెయింటు గీకితే బయటపడుతుంది" అని తాపీ కడుక్కుంటూ కూర్చున్నారు. స్టాఫ్ రూమ్ రాజకీయాల గురించి మాత్రం ఇంతకంటే గట్టిగానే తిట్టారు, అవి ఇక్కడ రాయను.

మొదటి వారం బ్రష్ ముట్టుకోనివ్వలేదు. పెరట్లో గొయ్యి, దాని మీద నీళ్లు, నీళ్ల కింద తెల్లటి ముద్ద. రాతి సున్నాన్ని నీళ్లలో వేస్తే కుతకుత ఉడుకుతుంది. అలా చల్లారిన సున్నాన్ని నెలల తరబడి నానబెడతారు, మాకు పెట్టింది ఏడాది దాటినది. మాస్టారితో పాటు విజయనగరం వైపు తాపీ మేస్త్రి ఒకాయన ఉంటారు. ఆయన ఇనప తాపీని సున్నంలో గుచ్చి పైకి తీసి మాకు చూపించారు. తాపీ శుభ్రంగా పైకొస్తే సున్నం పనికిరాదు, జిగురులా అంటుకుని వదలకపోతే బాగా నానినట్టు. "సున్నానికి తొందరేటి లేదమ్మా, మనకే" అన్నారు మేస్త్రి.

తెలియని వాళ్ల కోసం రెండు మాటలు. అసలు ఫ్రెస్కోలో రంగుకి జిగురు కలపరు. రంగు పొడి, నీళ్లు, అంతే. తడి గచ్చు మీద వేస్తే ఆ గచ్చులోని సున్నం గాలిలో ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ని పట్టుకుని మళ్లీ సున్నపురాయిగా మారుతుంది, రంగు ఆ రాయిలో భాగమైపోతుంది. అందుకే ఏ గోడ బొమ్మనైనా ఫ్రెస్కో అనేస్తే మాస్టారికి నచ్చదు. అజంతా బొమ్మలు ఆరిన పూత మీద జిగురు కలిపిన రంగులతో వేసినవి. డావిన్చీ లాస్ట్ సప్పర్ కూడా పొడి గోడ మీదదే, ఆయన బతికుండగానే పాడవడం మొదలైంది. మన సిటీ గోడల మీద వేసే యాక్రిలిక్ బొమ్మల సంగతి అడగబోతే, "వాటి జోలికి మనకెందుకు" అని నవ్వేశారు.

గోడ పని రోజు ముందు ముతక ఇసుక గచ్చు, దాని మీద సన్నటి గచ్చు వేశారు. ఇసుక శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఏటి ఇసుక, దాన్నీ కడిగి ఆరబెట్టారు. బీచ్ ఇసుక కలిస్తే కొన్నాళ్లకి ఉప్పు తెల్లగా పొంగి బొమ్మ పొట్టులా రాలిపోతుందట. బొమ్మ దించే పద్ధతి నాకు కొత్తేం కాదు. మగ్గం వర్క్ వాళ్లు బ్లౌజు మీద డిజైన్ దించినట్టే, కాగితానికి సూదితో చిల్లులు పొడిచి, బొగ్గు పొడి మూటతో అద్దడం.

అక్కణ్ణుంచి టెన్షన్. గచ్చు వేసిన కొన్ని గంటల్లోపు ఆ భాగం పూర్తి కావాలి. మొదట గోడ రంగుని గటగటా తాగేస్తుంది. మధ్యాహ్నానికి బ్రష్ కింద గరుగ్గా తగులుతూ లాగుతుంది. ఇక ఆపేయాలి. పూర్తవని చోట గచ్చు చెక్కి తీసేసి మర్నాడు మళ్లీ వేయాల్సిందే. నా పక్కనమ్మాయి పడవ తెరచాప దగ్గర ఆగిపోయింది. మేస్త్రి ఏమాత్రం జాలి లేకుండా సగం తెరచాప చెక్కేశారు.

రంగుల్లో కూడా సున్నం ఒప్పుకున్నవే వాడాలి. జేగురు, పసుపు మట్టి, ఆకుపచ్చ మట్టి, మసి. ప్రష్యన్ బ్లూ సున్నంలో పాడైపోతుంది. తడిగా ఉన్నప్పుడు ముదురుగా కనిపించేది ఆరాక పాలిపోతుంది, ఆ తేడా కంటికి అలవాటు కావడమే అసలు చదువు. నా బొమ్మలో జేగురు రంగు చీర ఆరాక ఇటుక పొడిలా తేలింది, నాకు అదే నచ్చింది.

వైజాగ్ తేమకి గోడకి బూజు వస్తుందేమో అని ఒకాయన అడిగారు. మాస్టారు రోమ్‌లోని సిస్టీన్ చాపెల్ పైకప్పు బొమ్మల కథ ఎత్తుకున్నారు. 1508లో పని మొదలుపెట్టిన మైకెలాంజెలోకి మొదట్లోనే గచ్చు మీద బూజు పట్టిందట, ఇక నా వల్ల కాదన్నాడట. గచ్చులో నీళ్లు ఎక్కువయ్యాయని ఇంకొకాయన వచ్చి చెబితే దారిలో పడ్డాడు. "రోమ్‌లో వాళ్లకే తప్పలేదు, భీమిలిలో మనమెంత" అన్నారు. ఇలాంటివి నోట్స్‌లో ఉండవు, బ్రష్ ఆగిన సందులో చెబుతారు. కాలేజీ పిల్లలు అదృష్టవంతులు, వాళ్లకి ఆ సంగతి తెలుసో లేదో.

ఇక స్టూడియో వాళ్లు. ఆ గోడకి సరిపోయే దానికి రెట్టింపు మందిని చేర్చుకున్నారు, మోచేతులు తగులుతూనే ఉన్నాయి. టైమ్ మారిందని ముందు రోజు రాత్రి పదకొండుకి వాట్సాప్ పెడతారు. ప్రకటనలో జైపూర్ పద్ధతి కూడా నేర్పుతామన్నారు. తీరా చూస్తే అది ఒక పలక మీద డెమో. పాలరాతి పొడి, పెరుగు, బెల్లం వేసి ఊరబెట్టిన సున్నం, చివర్లో అకీకు (అగేట్) రాయితో రుద్ది కొబ్బరినూనె పట్టించడం. పలక అద్దంలా మెరిసింది నిజమే, కానీ చూడటం వేరు, చేయడం వేరు. అన్నిటికంటే పెద్ద లోపం కళ్లజోళ్లు, గ్లౌజులు ఇవ్వకపోవడం. సున్నం కంట్లో పడితే ఆటలు కాదు. మాస్టారు మొదటి రోజే ఈ మాట అన్నారు, చివరి వారానికి గ్లౌజులు వచ్చాయి, కళ్లజోళ్లు రాలేదు.

వాటర్ కలర్ చేయి ఉన్నవాళ్లకి ఇది బాగా పట్టుబడుతుంది. ఇంట్లో గోడకి అందంగా ఏదైనా వేసుకుందామని వచ్చేవాళ్లు డబ్బు దండగ చేసుకోవద్దు, పుట్టీ కొట్టిన గోడ మీద ఇది నిలవదు. వానాకాలం బ్యాచ్ వద్దు, దీపావళి తర్వాతది చూసుకోండి. పాత నూలు బట్టలు, సొంత కళ్లజోడు తెచ్చుకోండి.

స్టూడియో వాళ్లు ఇది చదివితే ఒక్క మాట: చేతులు కడుక్కోవడానికి అంతమందికీ ఒకటే కుళాయి ఏమిటండీ, ఇంకోటి పెట్టించండి.