గరిక తెగకుండా నాణెం తీయాలంటే: నా పనిముట్ల మీద సమీక్ష

డాలస్ చుట్టుపక్కల నేల గురించి తెలుగువారికి విడమరిచి చెప్పనక్కరలేదు. అది మన నల్లరేగడి జాతి నేలే. వాన పడితే బూట్లకు ముద్దలుగా అంటుకుంటుంది, ఎండితే నెర్రెలు విచ్చి గునపానికి కూడా లొంగదు. ఇక్కడి లాన్లలో పెంచే బెర్ముడా గడ్డి అంటే వినాయకుడి పూజకు తెచ్చే గరికే. ఈ మట్టిలో, ఈ గరిక వేళ్ల కింద ఉన్న చిల్లర నాణేలను పచ్చిక చెడకుండా తీయడానికి కొన్నేళ్లుగా వాడుతున్న పనిముట్ల గురించి రాస్తున్నాను. నేలలోని లోహాన్ని పసిగట్టే మెటల్ డిటెక్టర్ జోలికి పోవడం లేదు. అది "ఇక్కడే ఎక్కడో ఉంది" అని చెప్పి ఊరుకుంటుంది. ఆ ఎక్కడో అన్నది ఎంత వెడల్పుగా ఉంటే మనం తవ్వే గుంత అంత వెడల్పు.

ఆ వెడల్పును తగ్గించేది పిన్‌పాయింటర్, అంటే మొనతో నేలను తాకి చూసే చేతి డిటెక్టర్. నా దగ్గరున్నది గారెట్ ప్రో-పాయింటర్ ఏటీ. నారింజ రంగుది కాబట్టి గడ్డిలో పడేసుకున్నా దొరుకుతుంది. ఆ కంపెనీ ఉన్నది కూడా ఇక్కడికి దగ్గర్లోని గార్లండ్‌లోనే. కొన్నప్పుడు 150 డాలర్లకు కాస్త తక్కువే అయింది. మొన ఒక్కటే కాక పక్కలు కూడా లోహాన్ని పసిగడతాయి. నల్లరేగడిలో ఈ గుణం బాగా పనికొస్తుంది, ఎందుకంటే నెర్రెల్లోకి జారిన నాణెం తరచు అడ్డంగా కాక నిలువుగా దొరుకుతుంది. సున్నితత్వానికి మూడు స్థాయులున్నాయి. నేను ఎక్కువగా తక్కువ స్థాయిలోనే ఉంచుతాను. గడ్డి మీద మొన ఆనించగానే ఆ స్థాయిలో మోగిందంటే నాణెం పైనే ఉందని అర్థం, ఇక కత్తి తీయనక్కరలేదు. అంతకు ముందు వాడిన చౌక రకం పిన్‌పాయింటర్ తడి మట్టికే మోగేది. దాని పేరు చెప్పను, కానీ దాని పుణ్యాన అనవసరంగా తవ్విన గుంతలు చాలా ఉన్నాయి.

అసలు ముచ్చట స్క్రూడ్రైవర్‌ది. హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే జానెడు పొడవుది చాలు. మొనను ఆకురాయితో గుండ్రంగా అరగదీయాలి, లేకపోతే వెండి నాణెం మీద గీత పడుతుంది. ముందు డిటెక్టర్‌ను రెండు దిక్కుల్లో అడ్డంగా, నిలువుగా ఆడించి గీతలు కలిసే చోటు చూసుకోవాలి. తర్వాత పిన్‌పాయింటర్‌తో ఆ చోటును వేలిమొనంత చేసుకోవాలి. అక్కడ స్క్రూడ్రైవర్‌ను నాణేనికి కాస్త పై వరకే దింపి, ఆ పక్కకూ ఈ పక్కకూ వంచి సన్నని చీలిక తెరవాలి. ఇప్పుడు ఏటవాలుగా నాణెం కిందికి పోనిచ్చి పైకి మీటితే అది చీలికలోంచి బయటికి వస్తుంది. గరిక తీగలు పక్కకు తొలగుతాయే తప్ప తెగవు. వేళ్లతో చీలికను దగ్గరికి నొక్కి, పైన పాదంతో అదిమితే మర్నాటికి నాకే చోటు గుర్తుండదు. రెండంగుళాల లోతు వరకు ఇంతకు మించిన పద్ధతి నాకు తెలియదు. వాన కురిసిన రెండు మూడు రోజులకు నేల దీనికి అనువుగా ఉంటుంది.

నాలుగంగుళాలు దాటితే తవ్వుడు కత్తి తప్పదు. గుర్రపు నాడా ఆకారంలో మూడు వైపులే కోసి, నాలుగో వైపు వేళ్లు అలాగే ఉంచి పెళ్లను తలుపులా తెరవాలి. చుట్టూ కోస్తే ఎండకు ఆ ముక్క మాడిపోతుంది, లేదా గడ్డి కోసే యంత్రం లేపుకుపోతుంది. తీసిన మట్టి మొత్తం తువ్వాలు మీద పోసి, చివరి రేణువు వరకు తిరిగి గుంతలో వేసి, సీసాడు నీళ్లు పోస్తాను. ఆగస్టులో మాత్రం ఈ కత్తిని ఇంట్లోనే వదిలేస్తాను. లోతు నాణేలు అక్టోబరు దాకా ఆగగలవు. గరిక ఎంత మొండిదైనా నలభై డిగ్రీల ఎండలో కోత పడితే కోలుకోవడం కష్టం.

ఇత్తడి కడ్డీ ఒకటి కొన్నాను. నేలలో గుచ్చి నాణేన్ని తాకి చూడడానికి. మెత్తని ఇసుక నేలలో బాగుంటుందేమో గానీ ఇక్కడి ఎండిన రేగడిలో వంగిపోతుంది. నా సంచిలో బరువుకు తప్ప ఉపయోగం లేదు.

ఇంతా చేస్తే వచ్చేవి ఏమిటని అడుగుతారు. ఎక్కువగా 1965 నుంచి వచ్చిన రాగి, నికెల్ క్వార్టర్లు (పాతిక సెంట్లవి), డైమ్‌లు (పది సెంట్లవి). 1982లో పెన్నీని, అంటే ఒక సెంటు నాణేన్ని, జింకు చేశారు. ఆ తర్వాతివి మట్టిలో పుచ్చిపోయి వస్తాయి. 1964, అంతకు ముందువి అయితే డైమ్‌లోనూ క్వార్టర్‌లోనూ 90 శాతం వెండి. వాటి అంచు తళుక్కుమన్న రోజు ఇంట్లో బిర్యానీ.

ఊరి నుంచి ఫోన్ చేసే బంధువులకు మాత్రం ఆసక్తి అంతా గుప్తనిధుల మీదే. "బాబాయ్, ఆ డిటెక్టర్ తెస్తే మన పాత కోట దగ్గర చూద్దామా?" అంటారు. నాణెం లాంటి చిన్న వస్తువును ఇది జానెడు లోతు దాటి పట్టడమే గగనం. పైగా మన దగ్గర 1878 నాటి నిధుల చట్టం ప్రకారం 10 రూపాయల విలువ దాటిన నిధి భూమిలో దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. ఇక్కడా నియమాలున్నాయి, జాతీయ పార్కుల్లో డిటెక్టర్ వాడడం నిషేధం, నగర పార్కుల నియమాలు ఊరికొకటి. నేను తెలిసినవారి పెరళ్లలోనే, అడిగి, స్ప్రింక్లర్ గొట్టాలు ఎటు పోతున్నాయో కనుక్కుని మొదలుపెడతాను.

కొత్తగా కొనేవారు డబ్బంతా డిటెక్టర్ మీద పెట్టేసి పిన్‌పాయింటర్‌ను తర్వాత చూద్దాంలే అనుకుంటారు. నేనైతే డిటెక్టర్ ఒక మెట్టు తక్కువది తీసుకుని ఆ మిగులు దీని మీద పెడతాను. స్క్రూడ్రైవర్ మీ ఇంట్లో ఇప్పటికే ఉంటుంది. పిన్‌పాయింటర్‌కు ఒక 9 వోల్టుల బ్యాటరీ మాత్రం అదనంగా జేబులో వేసుకోండి.