వరద సాయంలో ఏ డ్యూటీ మేలు: వంటా, గోడౌనా, బండ్లా?

చెన్నైలో ఏదైనా తెలుగు సంఘం మీటింగులో "ఈసారి వరదొస్తే మనం ఏం చేద్దాం?" అని అడిగి చూడండి. చేతులు రెండు పనులకే లేస్తాయి. ఒకటి పడవలో వెళ్లి జనాన్ని బయటికి తేవడం, రెండోది అన్నం పొట్లాలు పంచడం. గోడౌన్లో కూర్చుని వచ్చిన సరుకు రాసుకుంటానని చెప్పేవాడు దొరకడు. కొరత మాత్రం ఎప్పుడూ అక్కడే.

పడవ సంగతి ముందే పక్కన పెట్టేద్దాం. 2015 డిసెంబరు చెన్నై వరదలో చిక్కుకున్నవాళ్లను తెచ్చింది సైన్యం, జాతీయ విపత్తు స్పందన దళం (ఎన్డీఆర్ఎఫ్), సొంత పడవలతో వచ్చిన జాలర్లు. ఎన్డీఆర్ఎఫ్ 4వ బెటాలియన్ మనకు దగ్గర్లోనే, అరక్కోణంలో ఉంది. ఈత రాని సాఫ్ట్‌వేర్ ఉద్యోగి పడవెక్కితే కాపాడాల్సిన వాళ్లలో ఇంకొకరు చేరతారు, అంతే. మనకు మిగిలేది వెనకుండి నడిపించే పని, లాజిస్టిక్స్. అందులో ఏ పని పట్టుకోవాలన్నదే తేల్చుకోవాలి.

జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ 2010లో ఇన్సిడెంట్ రెస్పాన్స్ సిస్టమ్ అని మార్గదర్శకాలు ఇచ్చింది. కాలిఫోర్నియాలో 1970 నాటి కార్చిచ్చుల తర్వాత అమెరికావాళ్లు తయారుచేసుకున్న పద్ధతికి ఇది మన రూపం. కమాండర్ కింద, వరద ఉన్న చోట పని నడిపించే ఆపరేషన్స్, ప్లానింగ్, లాజిస్టిక్స్ అని మూడు సెక్షన్లు. లాజిస్టిక్స్‌లో మళ్లీ మూడు శాఖలు. సర్వీస్ శాఖ కింద ఫోన్లు, వైర్‌లెస్, వైద్యం, భోజనం. సపోర్ట్ శాఖ కింద సరుకు సమకూర్చడం, చోటు చూడటం, బండ్లు నడపడం. ఫైనాన్స్ శాఖ కింద కొనుగోళ్లు, ఖర్చుల లెక్కలు, నష్టపరిహారాలు. పేర్లు పెద్దవిగా ఉన్నా, ఊళ్లో పెద్ద పెళ్లి చేసిన ఇంట్లో ఈ పనులన్నీ ఎవరో ఒకరు చేసినవే.

సంఘాలు ఎగబడేది సర్వీస్ వైపు. నేను సపోర్ట్ వైపే మేలంటాను.

భోజనం సంగతే చూడండి. మొదటి రోజు వండిన అన్నానికి తిరుగు లేదు. గ్యాస్ పొయ్యి నీళ్లలో ఉన్న ఇంటికి బియ్యం, కందిపప్పు ఇచ్చి ఏం లాభం? కానీ ఆ పని చేయడానికి కార్పొరేషన్ వంటశాలలున్నాయి, 2013 నుంచి అమ్మ క్యాంటీన్లున్నాయి, గుళ్లున్నాయి, ప్రతి వీధిలో ఉత్సాహవంతులున్నారు. దాంతో మెయిన్ రోడ్డు పక్కనున్న వీధికి మూడు బండ్ల పొట్లాలు వస్తాయి, లోపలి సందుకు ఒక్కటీ రాదు. పైగా వేడిగా కట్టిన సాంబారన్నం నాలుగైదు గంటలు దాటితే నమ్మడానికి లేదు. బండి ట్రాఫిక్కులో ఇరుక్కుంటే అందేసరికి పులిసిన వాసనే. వండక తప్పదనుకుంటే మన పులిహోర చేయండి, చింతపండు, నూనె పుణ్యాన అది పూటంతా నిలుస్తుంది. పెరుగన్నం మాత్రం వద్దే వద్దు.

మొదటి రోజు దాటాక అడిగేవే వేరు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానప్పుడు నగరంలో జనం వెతుక్కున్నది పాల కోసం. కరెంటు లేక మోటారు ఆడదు, ఫిల్టరు పనిచేయదు, లిఫ్టు ఆగిపోతుంది. నాలుగో అంతస్తులో ముసలాయనకి 20 లీటర్ల నీళ్ల క్యాను ఎవరు మోసుకెళ్తారన్నది అన్నం కంటే పెద్ద సమస్య. పాలపొడి, నీళ్లు, బ్రెడ్డు, కొవ్వొత్తులు, శానిటరీ ప్యాడ్లు, పిల్లల డైపర్లు: వీటికి గరిటె పట్టేవాడు అక్కర్లేదు, స్టాకు చూసుకునేవాడు కావాలి.

భోజనం డ్యూటీ తీసుకునే తీరతామంటే ఒక దారి ఉంది. అమెరికా పద్ధతిలో ఫుడ్ యూనిట్ అన్నం పెట్టేది పనిచేసే సిబ్బందికే. మన మార్గదర్శకాల్లో శిబిరాల్లోని బాధితులకూ, సిబ్బందికీ ఇద్దరికీ పెట్టాలి. వాడుకలో జరిగేది, బాధితులను చూసే హడావిడిలో సిబ్బందిని మరిచిపోవడం. 2015లో చెత్త ఎత్తడానికి వేరే జిల్లాల నుంచి పారిశుద్ధ్య కార్మికులను రప్పించారు. చెన్నై కార్పొరేషన్ కార్మికుల్లోనూ తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. వాళ్లకు, స్తంభాలెక్కే కరెంటువాళ్లకు, పంపుల దగ్గర రాత్రంతా నిలబడేవాళ్లకు రెండు పూటలా వేడి అన్నం, టీ, పొడి తువ్వాలు, గ్లౌజులు చూసుకోగలిగితే అది నిజంగా ఖాళీగా ఉన్న డ్యూటీ. ఫొటోలకు పెద్దగా పనికిరాదు గానీ.

ఇక గోడౌను. ఇక్కడ ఒకే చోటా, నాలుగు చోట్లా అన్న వాదన వస్తుంది. తెలుగువాళ్లకు మొదట తట్టేది నగరానికి ఉత్తరాన ఉన్న మాధవరం. నెల్లూరు, సూళ్లూరుపేట, తడ దాటి వచ్చే లారీ గుమ్మిడిపూండి మీదుగా సరాసరి అక్కడికే చేరుతుంది, తిప్పుకోవడానికి చోటుంటుంది, లోడు దించే మనుషులు దొరుకుతారు. చిక్కేమిటంటే నీళ్లు ఎక్కువగా నిలిచేది దక్షిణాన. వేళచ్చేరి, పళ్లికరణై, పెరుంబాక్కం, ముడిచ్చూరు అన్నీ అడయారు నదికి అవతలే. 2015 డిసెంబరు 1 రాత్రి చెంబరంబాక్కం చెరువు నుంచి 29,000 క్యూసెక్కులు వదిలాక అడయారు పొంగి సైదాపేట వంతెన మీద రాకపోకలు ఆగిపోయాయి. సరుకంతా ఉత్తరాన, ఆకలంతా దక్షిణాన అంటే గోడౌన్ ఎంత బాగున్నా ఏం చేసుకుంటాం?

కాబట్టి పెద్ద స్టాకు మాధవరం వైపు, రెండు రోజులకు సరిపడే చిన్న స్టాకు దక్షిణాన తాంబరం దారిలో ఎక్కడైనా, అదీ వాన మొదలయ్యే ముందే చేర్చి పెట్టుకోవడం మేలు. నాలుగైదు చోట్ల పెడితే ఎక్కడేముందో తెలియకుండా పోతుంది. చోటు ఎంచుకునేటప్పుడు ఒక్క ప్రశ్న చాలు: 2015లో, 2023లో ఇక్కడికి నీళ్లొచ్చాయా? రెండుసార్లూ రాలేదన్న కళ్యాణ మండపం దొరికితే మేనేజరుతో సెప్టెంబరులోనే మాట్లాడుకోవాలి. నవంబరు, డిసెంబరు మొదట్లో ఇక్కడ పెళ్లిళ్ల బుకింగులుంటాయి. డిసెంబరు నడుమ, పెళ్లిళ్లు చేయని మార్గళి నెల వచ్చాకే మండపాలు ఖాళీ అవుతాయి, అప్పటికి అసలు గండం చాలావరకు గడిచిపోతుంది.

మన ఊళ్ల నుంచి సరుకొస్తుందన్న ధీమా కూడా కొంచెం తగ్గించుకోవాలి. మిచాంగ్ చెన్నైని ముంచిన మర్నాడే, డిసెంబరు 5న, బాపట్ల దగ్గర తీరం దాటింది. ఇక్కడ వాన కొడుతున్న తుపానే రేపు నెల్లూరు మీదికో, ప్రకాశం మీదికో వెళ్లొచ్చు. ఆ లారీ బయల్దేరలేకపోతే మనకు దిక్కు స్థానిక హోల్‌సేలు కొట్లే, అదీ ముందే మాట్లాడుకుంటేనే.

గోడౌన్ మనిషికి కావలసింది బలం కాదు, మొండితనం. వచ్చింది రాయాలి, ఎక్స్‌పైరీ చూడాలి, చీటీ లేనిదే ఒక్క పెట్టె కూడా బయటికి వదలకూడదు. పాత బట్టల మూటలొస్తే గుమ్మం దగ్గరే వద్దని చెప్పగలగాలి. అవి తీసుకుంటే నాలుగు రోజులు వేరుచేయడంతోనే సరి, తడిస్తే పారేయడానికి మళ్లీ బండి కట్టాలి. సంఘంలో బ్యాంకులోనో, మెడికల్ షాపులోనో పనిచేసి రిటైరైనవాళ్లు ఉంటే ఈ కుర్చీ వాళ్లదే.

బండ్ల డ్యూటీ అందరికీ తేలిగ్గా కనిపిస్తుంది, మునిగేది మాత్రం అక్కడే. చెన్నైలో కుట్టియానై అని పిలిచే టాటా ఏస్ సందుల్లో దూరుతుంది, అద్దె తక్కువ. కానీ దాని చక్రాలు చిన్నవి, సైలెన్సరులోకి నీళ్లు పోతే నడిరోడ్డు మీద నిలిచిపోయి వెనకొచ్చే అంబులెన్సుకు అడ్డం. మోకాటి లోతు నీళ్లున్న చోటికి ట్రాక్టరు ట్రాలీ నయం, అది వీధి మొదటి దాకా. ఆ తర్వాత తలల మీద మోతే. రెండూ కావాలి, ఏది ఎక్కడిదాకా వెళ్లాలో గీత గీసుకోవాలి. వాన హెచ్చరిక రాగానే ట్యాంకులు నింపేయాలి, ఎందుకంటే కరెంటు పోతే బంకుల్లో పంపులు కూడా ఆగొచ్చు. డ్రైవరుకు బదులు డ్రైవరు ఉండాలి. రాత్రంతా నడిపినవాడి చేతికి పొద్దున్నే మళ్లీ తాళాలు ఇవ్వడం సాయం కాదు, ప్రమాదం.

బండి ఎక్కడికి పోవాలో డ్రైవరు నిర్ణయించకూడదు. "అన్నా, మా బావమరిది వాళ్ల వీధిలో చాలా కష్టంగా ఉందట, ముందు అటు పోదాం" అంటే మనసు కరుగుతుంది, నిజమే. అయినా ఆ మాట ఆపరేషన్స్ చూసేవాళ్లకే చెప్పాలి. బండ్లు లోడుతో సిద్ధంగా నిలబడే స్టేజింగ్ ఏరియా కూడా మార్గదర్శకాల్లో ఆపరేషన్స్ చేతిలోనే ఉంది. లాజిస్టిక్స్ వాళ్ల పని బండిని, సరుకును అక్కడిదాకా సిద్ధం చేయడం. కార్పొరేషన్ జోన్లుగా, వార్డులుగా పని చేస్తుంది. ఆ జోన్ ఆఫీసుకో, కార్పొరేషన్ హెల్ప్‌లైన్ 1913కో చెప్పి వెళ్తే నిన్న ఇంకెవరో పంచిన వీధికే మళ్లీ వెళ్లే అవస్థ తగ్గుతుంది.

ఫోన్ల డ్యూటీకి ఒక్క మనిషి చాలు, అయితే తెలుగు, తమిళం రెండూ రావాలి. వాట్సాప్‌లో తిరిగే "అర్జెంట్" మెసేజీల్లో తేదీ, సమయం లేనివాటిని పక్కన పెట్టి, ఉన్నవాటికి తిరిగి ఫోన్ చేసి అడగడమే అతని పని. 2015లో చాలాచోట్ల సెల్ సిగ్నల్ పోయింది, కాబట్టి నంబర్లు కాగితం మీద కూడా ఉండాలి. వైద్యం డాక్టర్లకు వదిలేయండి, ఎవరింట్లో ఇన్సులిన్ వాడతారో లిస్టు ఇస్తే అదే పదివేలు.

డబ్బు విషయంలో మన పద్ధతి కంటే అమెరికా పద్ధతే నాకు నచ్చుతుంది. మన మార్గదర్శకాల్లో ఫైనాన్స్ లాజిస్టిక్స్‌లోనే ఒక శాఖ, వాళ్లకు విడి సెక్షన్. ప్రభుత్వానికి మన ఏర్పాటు సుఖమే, కొనేవాళ్లూ లెక్క చూసేవాళ్లూ ఒకే అధికారి కింద ఉంటే పని త్వరగా కదులుతుంది, పైన ఆడిట్ ఎలాగూ ఉంది. చందాలతో నడిచే సంఘానికి ఆ ఆడిట్ ఉండదు. సరుకు కొన్నవాడే బిల్లు పాస్ చేస్తే ఎంత నిజాయితీపరుడైనా నాలుగు నెలల తర్వాత మాట పడతాడు. అందుకే గోడౌన్, బండ్లు చూసేవాళ్ల చేతిలో డబ్బు ఉండకూడదు. 2015లో ఏటీఎంలు పనిచేయలేదు. ఇప్పుడు యూపీఐ ఉన్నా కరెంటు, నెట్ లేకపోతే అదే కథ. డీజిల్‌కీ, కూలీలకీ కొంత నగదు విడిగా, వోచర్ పుస్తకంతో సహా ఉంచాలి.

సంఘంలో గట్టిగా పదిమందే ఉన్నారనుకుంటే నేనైతే ఇలా పంచుతాను: నలుగురు స్టాకుకు, ఇద్దరు ఉత్తరాన, ఇద్దరు దక్షిణాన. ముగ్గురు బండ్లకు. ఒకరు ఫోన్ దగ్గర, ఒకరు లెక్కలకు. మిగిలిన ఒక్కరు కార్మికుల భోజనానికి, వండటానికి కాదు, దగ్గర్లోని మెస్సుతో మాట్లాడి పూటపూటకీ తెప్పించడానికి. పదకొండో మనిషి వచ్చి వంట చేస్తానంటే అతన్ని కూడా గోడౌనుకే పంపుతాను.